అద్దం వెనక పెళ్లికూతురు

"హెప్సిబా! మీ మావగారికి చెప్పు, కాఫీ చల్లారిపోతోందని."

మావగారు అక్కడే ఉన్నారు. సువార్తమ్మ కూర్చున్న కుర్చీకీ, నిత్యానందం కూర్చున్న మడతమంచానికీ మధ్య ఒక స్టూలుంది. ఆ స్టూలు మీద కాఫీ ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. అయినా ఆ కబురు వంటింట్లోకి వచ్చి, కోడల్ని వెంటబెట్టుకుని మళ్లీ వరండాలోకి వెళ్లాల్సిందే.

హెప్సిబా పిండిచేతులతోనే వచ్చి నిలబడింది.

"మావయ్యగారూ, కాఫీ చల్లారిపోతోందటండీ."

"వినపడిందమ్మా. చెవులు బాగానే ఉన్నాయి నాకు. తాగుతానని చెప్పు మీ అత్తయ్యకి."

"తాగుతారట అత్తయ్యా."

"పంచదార వెయ్యలేదని కూడా చెప్పు. వేస్తే ఊరుకోనని డాక్టరుగారన్నారని చెప్పు. పంచదార ఎక్కువైతే ముందు కళ్లే పోతాయట. ఎవరెవరి ముఖాలో గీసుకోవడానికి కళ్లుండాలి కదా మరి!"

ఆ చివరి ముక్క హెప్సిబా మోసుకెళ్లలేదు. అక్కర్లేదు కూడా. నిత్యానందం గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, చేదుమందు తాగినవాడిలా మొహం పెట్టాడు. అది పంచదార లేనందుకో, మాట తగిలినందుకో చెప్పడం కష్టం.

ఆదివారం ఏలూరు వెళ్లి వచ్చిన దగ్గర్నుంచీ తాడేపల్లిగూడెంలో ఈ ఇంట్లో ఇదే వరస.

వెళ్లేటప్పుడు ఎంత సంబరంగా వెళ్లారని! ఏలూరులో పాత మిషన్ బంగళా, ఒకప్పుడు దొరసానులున్న ఇల్లు, ఎన్నో ఏళ్లు తాళం పడి ఉండి, ఈమధ్యే మ్యూజియం అయింది. పెట్టెల్లో దొరికినవన్నీ దులిపి అద్దాల్లో పెట్టారు. లాంతర్లు, లేసు అల్లే సూదులు, మూలుగుతున్నట్టుండే ఒక హార్మోనియం. వాటి మధ్య గోడకి ఒక బొమ్మ ఉందనీ, దాన్ని గీసిన దర్జీ ఇంకా బతికే ఉన్నాడని తెలిసి రమ్మంటున్నామనీ అక్కడివాళ్లు కబురు పెట్టారు.

దళసరి కాగితం మీద పెన్సిలుతో గీసి నీళ్లరంగు అద్దిన పెళ్లికూతురు. తెల్లచీర. మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు. మెడ చుట్టూ లేసు, తల మీంచి జారే ముసుగు. అంచున ఖాళీలో చెయ్యి విడిగా, లేసుపువ్వు విడిగా, నడుము దగ్గర బిగించుకునే తాళ్లు విడిగా వేసి ఉన్నాయి. కింద చీటీ: 'పెళ్లికూతురి దుస్తుల నమూనా. 1956. గీసినది కుట్టుగది దర్జీ నిత్యానందం.'

ఆ రోజుల్లో సంఘం మొత్తానికి పెళ్లి జాకెట్టు ఒక్కటే. ఎవరింట పెళ్లయినా బంగళా నుంచి తెచ్చుకోవడం, పెళ్లయ్యాక ఉతికి ఇస్త్రీ చేసి తిరిగి అప్పగించడం. సువార్తమ్మ కూడా అదే వేసుకుంది. ఆ జాకెట్టు ఎప్పుడో చీకిపోయింది. కాగితం మిగిలింది.

అందరూ చప్పట్లు కొట్టారు. మనవరాలు నిస్సీ తన ఫోనుతో ఫొటో తీసింది. అప్పుడు సువార్తమ్మ కళ్లజోడు సవరించుకుని అద్దం దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూసింది.

"ఇది అక్క" అంది.

అంతే. మళ్లీ ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చాక అందరితోనూ మాట్లాడింది, ఒక్కరితో తప్ప.

*

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ మౌనం చిరిగింది. చింపింది నిత్యానందమే.

"పొడుగు మనిషి కొలతే తీసుకోవాలమ్మా హెప్సిబా" అన్నాడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "అందరూ వేసుకోవాల్సిన జాకెట్టు. వదులుగా ఉంటే తాళ్లు బిగించొచ్చు. బిగుతుగా ఉంటే ఎక్కణ్ణించి తెస్తాం గుడ్డ? అందుకని బంగళా ఆడపిల్లల హాస్టల్లో పొడుగ్గా ఎవరుంటే వాళ్లని నిలబెట్టింది దొరసానమ్మ. ఆ పిల్ల మీ అత్తయ్య అక్క మాణిక్యం అయితే నా తప్పా?"

"హెప్సిబా, కొలత సంగతి ఎవరడిగారని అడుగు. ముఖం సంగతి కదా అడుగుతున్నది. జాకెట్టుకి ముఖం కొలతలు కూడా తీసుకుంటారా అని అడుగు."

"నిలబెట్టి గియ్యమంటే చూడకుండా ఎలా గీస్తానే?"

"చూశారన్నమాట!"

"చూడకుండా గీస్తే ముక్కు వీపుమీదికి పోదూ!"

హెప్సిబాకి నవ్వొచ్చింది. నవ్వితే ఇద్దరిలో ఒకరి పక్షం చేరినట్టవుతుందని గోంగూర గిన్నె తేవడానికి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లోంచి కూడా వినపడుతూనే ఉంది.

"నా పెళ్లిరోజున ఆ జాకెట్టు నామీద గోనెసంచిలా వేలాడింది. తాళ్లు బిగించి బిగించి కృపావరం పిన్ని వేళ్లు ఎర్రబడ్డాయి. 'ఇది మీ అక్కకి పుట్టిన జాకెట్టే' అంది పిన్ని. నేను నవ్వాను. పిచ్చిదాన్ని, నవ్వాను! ఈయన సంబంధం ముందు అక్కకనుకున్నారని హాస్టలంతా గుసగుసలాడుకుంటుంటే కూడా నవ్వాను. యాభయ్యేళ్లు నవ్వుతూనే ఉన్నాను."

హెప్సిబా గిన్నె పట్టుకుని వచ్చేసరికి నిత్యానందం తల వంచుకుని ముద్ద కలుపుతున్నాడు. కలిపిన ముద్దనే మళ్లీ కలుపుతున్నాడు.

"ఆదివారం నేను నిలబడను" అంది సువార్తమ్మ మెల్లగా. అరిచినప్పటికంటే ఆ మెల్లని గొంతుకే హెప్సిబా భయపడింది.

వచ్చే ఆదివారానికి వాళ్ల పెళ్లయి యాభయ్యేళ్లు. గుళ్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. ఇద్దర్నీ బలిపీఠం ముందు పక్కపక్కన నిలబెట్టి పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. చింతలపూడి స్కూల్లో మాస్టరుగా ఉన్న కొడుకు అనిల్ కుమార్ శనివారమే సెలవు పెట్టి వస్తున్నాడు. వంటవాళ్లకి చెప్పేశారు.

"అదేమిటత్తయ్యా, అందర్నీ పిలిచేశాం కదండీ."

"పిలిచిన వాళ్లకి భోజనం పెట్టు. నేను మాత్రం నిలబడను. కోరి చేసుకున్నారో, అక్క కాదంటే చేసుకున్నారో తెలియకుండా దేవుడి ఎదట ఏమని కృతజ్ఞత చెప్పనే? దేనికని చెప్పను?"

ఆ ప్రశ్న హెప్సిబాకి సబబుగానే తోచింది. అదే వచ్చిన చిక్కు.

*

ఆ ఇంట్లో సాయంత్రం దీపాలు పెట్టగానే కుటుంబ ప్రార్థన. పాట ఎత్తడం సువార్తమ్మ పని. ఆమె ఎత్తితే మిగతావాళ్లు అందుకోవాలి. ఆవేళ చాప మీద కూర్చుంది గాని నోరు విప్పలేదు.

కాసేపు చూసి నిత్యానందం తనే ఎత్తాడు. మరీ పైకి ఎత్తేశాడు. రెండో పాదానికే గొంతు పట్టాలు తప్పింది. నిస్సీ కిసుక్కుమంది. హెప్సిబా మోచేత్తో పొడిచింది. సువార్తమ్మ పెదవి ఒక్కసారి వణికి, మళ్లీ బిగుసుకుంది.

తర్వాత ఒక్కొక్కరూ ప్రార్థన చెయ్యాలి. సువార్తమ్మ ముసుగు సరిచేసుకుని కళ్లు మూసుకుంది.

"తండ్రీ! మనుషులు ముఖాలు చూస్తారు, నువ్వు హృదయం చూస్తావు. వేరొకరి జాకెట్టులో యాభయ్యేళ్లు బతికినదాన్ని నన్ను ఓదార్చు. మనసులో ఒకటీ చేతిలో ఒకటీ ఉన్నవాళ్లని క్షమించు. వాళ్ల పేరు నేను చెప్పక్కర్లేదు, నీకు తెలుసు."

నిత్యానందం గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా! పొడుగు కొలత ఎందుకు తీస్తారో తెలియనివాళ్లకి జ్ఞానం దయచెయ్యి. యాభయ్యేళ్లు ఒక కంచంలో తిన్నవాణ్ణి ఒక కాగితం చూసి తప్పుపట్టకుండా వాళ్ల మనసు మెత్తబరచు. బీపీ మాత్ర వేసుకునేలా వాళ్లకి జ్ఞాపకం చెయ్యి. పొద్దున్న వేసుకోలేదు."

"వేసుకున్నాను తండ్రీ, నీకు తెలుసు" అంది సువార్తమ్మ కళ్లు తెరవకుండానే. "ఇంకొక్క మనవి. రేపు కొల్లేటికోట వెళ్లి అక్కనే అడగబోతున్నాను. ప్రయాణంలో తోడుండు. ఆమేన్."

నిత్యానందం ఆమేన్ అనలేదు. కళ్లు తెరిచి భార్యకేసి చూస్తూ ఉండిపోయాడు.

మాటలు మొయ్యడం తన ఒక్కదాని వంతే అనుకుంది హెప్సిబా ఇన్నాళ్లూ. ఇవాళ ప్రభువుకి కూడా తప్పలేదు. ఇలాంటి ప్రార్థన ఆయన వింటాడా? విని కోప్పడతాడా? ఏమో, పిల్లల తగువు విన్న తండ్రిలా నవ్వుకుంటాడేమో. అలా అనుకుంటే ఆమెకి కొంచెం ధైర్యంగా ఉంది.

*

తెల్లారి బస్సుకి బయల్దేరే ముందు నిత్యానందం కోడల్ని పిలిచాడు. ముందుగదిలో ఆయన కుట్టుమిషను ఉంది. ఇప్పుడు చుట్టుపక్కలవాళ్ల దిండుగలీబులు తప్ప ఏమీ కుట్టడం లేదు గాని, మాట్లాడాల్సిన మాట పెద్దదైతే ఆ మిషను ముందు కూర్చునే మాట్లాడతాడు.

"అమ్మాయ్, నేనూ వస్తున్నాను, నువ్వెలాగూ వెంట వస్తున్నావు. ఒకటి తెలిసుండాలి నీకు. నీలోనే ఉంచుకో."

"అలాగేనండీ." అనేశాక గాని హెప్సిబాకి తట్టలేదు, తనేమని మాటిచ్చిందో.

"ముందు ముఖం లేకుండానే గీశాను. 'తల లేని పెళ్లికూతురేంటయ్యా' అని దొరసానమ్మ నవ్వింది. ముఖం పెట్టమంది. పెడదామని కూర్చుంటే నా చేతికి ఒక్క ముఖమే వస్తోంది. గుండ్రంగా, కోపంగా, పొట్టిముక్కు."

హెప్సిబా తలెత్తింది. గుండ్రంగా, కోపంగా, పొట్టిముక్కుతో ఉన్న మనిషి పెరట్లో అరుస్తోంది, ఆకివీడు బస్సు పోతుందని.

"మరి..."

"మరేముంది. హాస్టల్లో పెళ్లి కావలసిన పిల్ల. దాని ముఖం దర్జీ కుర్రాడు గీశాడని తెలిస్తే దాన్నక్కడ ఉంచుతారా? నన్ను బతకనిస్తారా? చెరిపేశాను. మాణిక్యానికి కొల్లేటికోటలో వాక్యం చెప్పే పంతులుగారితో సంబంధం కుదిరిపోయిందని అందరూ అనుకుంటున్నారు. కుదిరిన పిల్ల ముఖం పెడితే ఎవరూ ఏమీ అనరు, పైగా నిలబడింది కూడా ఆవిడే. పెట్టేశాను."

హెప్సిబాకి ప్రాణం లేచొచ్చింది. "ఇంత మంచి మాట గొంతులో పెట్టుకుని ఇన్నాళ్లూ తిట్లు తింటున్నారా మావయ్యగారూ! ఒక్క ముక్క చెప్పెయ్యండి అత్తయ్యకి. ఇప్పుడే చెప్పెయ్యండి. కొల్లేటికోట కూడా వెళ్లక్కర్లేదు."

"చెబితే సాయంత్రానికి కొల్లేటికోట చేరుతుంది. మీ అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అక్క దగ్గరైతే మరీను."

"చేరితే ఏమవుతుందండీ?"

నిత్యానందం మిషను చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు. సూది కిందికి దిగి పైకి లేచింది.

"బొమ్మ పూర్తయిన రోజున మాణిక్యం చూసింది. చూసి ఏడ్చింది. సంతోషంతోనమ్మా. తర్వాత నాకేసి చూసింది. అప్పుడర్థమైంది నాకు, ఆవిడ ఇంకోలా అనుకుందని. సంబంధం అప్పటికింకా కుదరలేదట. ఆవిడ ఔనని అననేలేదట. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు. పోయిన పంతులుగారు ధర్మాత్ముడే గాని పెళ్లాంతో నవ్వుతూ మాట్లాడగా ఎవరూ చూడలేదు. మాణిక్యానికి మిగిలిందల్లా, ఎప్పుడో ఒకడు తనని అంత అందంగా చూశాడన్న మాట ఒక్కటే. ఇప్పుడు, ఈ వయసులో, అది కూడా అబద్ధమని చెప్పమంటావా?"

ఆ ఇంట్లో అందరికీ తెలుసు, హెప్సిబాకి అబద్ధం నోరు తిరగదని. పోయిన క్రిస్మసుకి పాస్టరుగారు ప్రసంగం ఎలా ఉందమ్మా అంటే, 'మధ్యలో కునుకు పట్టిందండీ' అని వచ్చిన మనిషి. అబద్ధం ఆడొద్దని ఆజ్ఞల్లో ఉంది. మరి నిజం దాచడం గురించో? దాచమని చెప్పింది పెద్దవాళ్లయితేనో? దాస్తే ఒకరూ, చెబితే ఇంకొకరూ ఏడుస్తారంటేనో?

పెరట్లోంచి కేక. "హెప్సిబా! మీ మావగారికి చెప్పు, ఆ ఊలు మఫ్లరు తెచ్చుకోమని. బస్సు కిటికీ గాలికి దగ్గొస్తే నేను జవాబుదారీ కాదని చెప్పు!"

*

ఆకివీడులో బస్సు మారి, ఆలపాడు దగ్గర దిగి ఆటో ఎక్కారు. అటూ ఇటూ నీళ్లు. నిరుడు సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేశాక కొల్లేరు మళ్లీ తన చోటికి తాను వచ్చి కూర్చుంది. తెగిన గట్ల మీద కిక్కిస గడ్డి మొలిచింది. దూరంగా కొంగలు తెల్లగా, ఎవరో బట్టలారేసి మరిచిపోయినట్టు ఉన్నాయి.

"పెద్దింట్లమ్మ గుడి దాకానాండీ?" అన్నాడు ఆటో అబ్బాయి.

"కాదు నాయనా. గుడి దాటాక, ప్రార్థన మందిరం పక్కన."

"మాణిక్యమ్మగారింటికా! ఆయ్, తెలుసండీ."

మాణిక్యం గుమ్మంలోనే ఉంది. వయసుకి నడుం కాస్త వంగినా, ఇంకా ద్వారబంధం తగిలేంత పొడుగు. చెల్లెల్ని రెండు చేతులతో చుట్టేసింది. సువార్తమ్మ తల ఆమె భుజం కిందికి వచ్చింది.

"ఏమే, ఇన్నాళ్లకా! ఆదివారం ఎలాగూ నేనే వద్దును కదే. వందనాలు మరిదిగారూ. ఏంటలా చిక్కిపోయారు? మా చెల్లి అన్నం పెట్టడం లేదా?"

"పెడుతోంది వదినగారూ. మాటలే పెట్టడం లేదు."

"అదృష్టవంతులు. మా ఆయనకి నేను ఎన్ని పెట్టినా ఒక్కటీ తినలేదు" అని పకపకా నవ్వింది.

భోజనంలోకి బొమ్మిడాయిల పులుసు. కొడుకు పొద్దున్నే నీళ్లలోకి వెళ్లి తెచ్చాడట. ముళ్లు జాగ్రత్తండీ అంటూ మరిదికి రెండోసారి వడ్డించింది. సువార్తమ్మ ఆ వడ్డించే చేతినే చూస్తోంది. హెప్సిబా సువార్తమ్మని చూస్తోంది. పులుసు అమోఘంగా ఉంది, ఎవరికీ రుచి తెలియలేదు.

కంచాలు తీశాక సువార్తమ్మ సంచిలోంచి ఫొటో తీసింది. నిస్సీ ఫోనులో తీసినదాన్ని స్టూడియోలో పెద్దదిగా వేయించారు.

"ఇది చూడక్కా."

మాణిక్యం వెలుతురుకి పట్టుకుని చూసింది. ముడతలు పడ్డ ముఖం కొంచెం కొంచెంగా విచ్చుకుంది.

"ఓసి దేవుడా! ఇదింకా ఉందా! మ్యూజియంలో పెట్టారా? నన్నా?" కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను ఇలా ఉండేదాన్నంటే మా కోడలు నమ్మదే. చూడు మెడ ఎలా పెట్టారో, మహారాణిలా."

"బాగుంది" అంది సువార్తమ్మ. "అక్కా, ఒక్క మాటడుగుతాను. నామీద ఒట్టు, దాచకు. ఈయన నిన్ను చేసుకుంటానని అడిగారా?"

మడతకుర్చీలో ఉన్న నిత్యానందం కదిలాడు. కుర్చీ కిర్రుమంది.

మాణిక్యం ఫొటో ఒళ్లో పెట్టుకుని వేలితో అంచులు సరిచేసింది.

"నోటితో ఎప్పుడూ అడగలేదే. చాలా మర్యాదస్తులు. అయినా ఇలా గీశాక ఇంకా నోటితో అడగాలా? నాన్న అప్పటికే పంతులుగారి మాట ఎత్తారు. నేను ఔననలేదు. ఇది చూశాక అసలు అననే అనననుకున్నాను."

"మరెందుకన్నావు?"

"ఎందుకేమిటి, నీ మూలంగా!" చెల్లెలి గడ్డం పుణికింది. "కుట్టుగదిలో మేకుకి ఈయన చొక్కా తగిలించి ఉంటే, దొంగతనంగా తీసి, ఊడిన గుండీ కుట్టి, మళ్లీ తగిలించావు. నేను తలుపు చాటునుంచి చూశాను. దర్జీ చొక్కాకి గుండీ కుట్టే వెర్రిదాన్ని నిన్నొక్కదాన్నే చూశానే భూప్రపంచంలో! అప్పుడనుకున్నాను, నాకంటే దీనికే ఎక్కువ కావాలీయన అని. మర్నాడే నాన్నకి ఔనని చెప్పేశాను."

బయట ఎవరో నీళ్లలో గడ వేస్తున్న చప్పుడు.

"అంటే నువ్విచ్చావు" అంది సువార్తమ్మ. "నేను తీసుకున్నాను."

"ఇవ్వకేం చేస్తాను? నా చెల్లివి. నువ్వు సుఖంగా ఉన్నావు. ఎప్పుడైనా మనసు బాగోలేనప్పుడు అదే తలుచుకునేదాన్ని. నా వల్ల ఒక ఇల్లు చల్లగా ఉంది కదా, అని."

హెప్సిబా ముగ్గురికేసీ చూసింది. ఇచ్చానన్న తృప్తితో ఒకామె బతికింది. నిజానికి ఇవ్వాల్సిన పనే లేదు. చెల్లెలికి పుచ్చుకున్నానన్న సిగ్గు ఇప్పుడే పుట్టింది. ఆమె పుచ్చుకున్నదీ ఏమీ లేదు. రెంటికీ మధ్య ఈ పెద్దమనిషి నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు.

సువార్తమ్మ భర్త వైపు తిరిగింది. కోడలికేసి చూడలేదు. మధ్యలో ఎవరినీ పిలవలేదు.

"ఏవండీ. అక్క చెప్పింది నిజమేనా?"

చెప్పెయ్యండి మావయ్యగారూ, అనుకుంది హెప్సిబా. వెంటనే, చెప్పకండి, అని కూడా అనుకుంది.

నిత్యానందం వదినగారికేసి చూశాడు. ఆవిడ చేతులు ఫొటో మీద ఉన్నాయి, చంటిపిల్ల మీద ఉన్నట్టు. తర్వాత భార్య కళ్లలోకి చూశాడు.

"వదినగారు చెప్పినట్టే, సువార్తా" అన్నాడు.

సువార్తమ్మ తలాడించింది, లెక్క సరిపోయిందన్నట్టు. లేచి, చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్లింది. చేతులు అంతకుముందే కడుక్కుంది.

*

పెరట్లో చేతిపంపు. ఆమె ఒక్కతే కొట్టుకోలేదని హెప్సిబా వెనకాలే వెళ్లి పంపు కొట్టింది. నీళ్లు ధార కట్టి పడుతున్నాయి. సువార్తమ్మ చేతులు పెట్టలేదు. పడే నీళ్లకేసి చూస్తోంది.

"ఆయన అబద్ధమాడితే నాకు తెలిసిపోతుందే" అంది. "చొక్కా గుడ్డ మిగల్లేదని ఎవరితోనైనా అంటే, మిగిలిందో లేదో గొంతులోనే తెలిసిపోయేది నాకు. ఇప్పుడు తెలియలేదు. యాభయ్యేళ్లలో మొదటిసారి, తెలియలేదు. భయమేస్తోంది హెప్సిబా."

"లోపలికి వెళదాం పదండత్తయ్యా, ఎండగా ఉంది."

"పొద్దున్న మిషను దగ్గర నిన్ను కూర్చోబెట్టి ఏం చెప్పారు?"

పంపు కొట్టే చెయ్యి ఆగింది.

"నేను తిట్టినా పడతారు, కొట్టినా పడతారుగాని, ఆ మిషను ముందు కూర్చుని ఊరికే కబుర్లు చెప్పే మనిషి కాదాయన. నీకేదో చెప్పారు. ఆ బస్సులో నా మొహం చూడలేక కిటికీలోకి చూస్తూ కూర్చున్నావు. నేను గమనించలేదనుకున్నావా?"

"అత్తయ్యా, నేను మాటిచ్చానండీ."

"ఇచ్చావా! అయితే చెప్పడానికి ఏదో ఉందన్నమాట." సువార్తమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, తేలిగ్గా, పిచ్చుకలా ఉంది. ఇన్నేళ్లలో అత్తగారు ఆజ్ఞాపించడమే గాని బతిమాలడం హెప్సిబా ఎరగదు. "నాకు కథంతా అక్కర్లేదే. ఒక్క ముక్క చాలు. నన్ను కోరి చేసుకున్నారా, లేదా? లేదంటే లేదను. ఏడుస్తాను, మళ్లీ వంట చేస్తాను, ఆయన మాత్రలు ఆయనకిస్తాను. ఎక్కడికి పోతాను? కానీ ఆదివారం దేవుడి ఎదట ఆయన పక్కన నిలబడాలంటే మాత్రం నాకా ముక్క తెలియాలి. నువ్వు అబద్ధం చెప్పవు. అందుకే నిన్నడుగుతున్నాను."

హెప్సిబా మనసులో ప్రార్థించింది. మాటలు దొరకలేదు, తండ్రీ అన్న ఒక్క పిలుపు తప్ప. మాట తప్పితే మావయ్యగారికి ద్రోహం. నోరు మూసుకుంటే ఈ మనిషి మిగిలిన రోజులన్నీ తన ఇంట్లోనే పరాయిదానిలా బతుకుతుంది. 'ఔను, మిమ్మల్నే' అన్న రెండు ముక్కలు నాలుక చివర ఉన్నాయి. ఈవిడ చెవిలో పడితే చాలు, లోపలికి చేరకుండా చూడొచ్చు. చెల్లెలు అక్కకి చెప్పకుండా ఉండేలా ఒట్టేయించుకోవచ్చు.

"అత్తయ్యా" అంది గొంతు తగ్గించి. "ఎవరితోనూ అననని నాకు..."

సువార్తమ్మ చూపు తన మీంచి వెనక్కి జరగడం చూసి హెప్సిబా ఆగిపోయింది.

వెనక గుమ్మంలో మాణిక్యం నిలబడి ఉంది, చేతిలో తువ్వాలుతో, తల ద్వారబంధానికి తగలకుండా కొంచెం వంచి. ఎప్పటి నుంచి నిలబడి ఉందో. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. కోపమూ లేదు. ఎన్నాళ్ల నుంచో తలుపు తట్టే మనిషికోసం ఎదురుచూసి, చివరికి చప్పుడు విన్నదానిలా ఉంది.

రెండు మెట్లు దిగి వచ్చి తువ్వాలు చెల్లెలి భుజమ్మీద వేసింది.

"గట్టిగానే చెప్పమ్మాయ్" అంది. "ఆయన మనసులో ఉన్నది నేను కాదేమోనన్న అనుమానం నాకు ఇవాళ పుట్టింది కాదు."